సొరుగులోని చిలువ

పాములను గూర్చి ప్రసంగింపుమని నన్నడిగినప్పుడు రేడియోవారు పరీక్షిన్మహారాజు కథనో, కద్రూవినతల వృత్తాంతమునో ఆశించి యుందురు. ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసినవాడు మరేమి చెప్పును? కాని నేడు నేను చెప్పబోవునది పురాణము గాదు, ఒక కొయ్య అలమర సంగతి. దాని సొరుగులలో బట్టలకు మారుగా పాములుండును. ఆ అలమర చేయుటలో నేను సాయపడితిని. పిమ్మట నా అజాగ్రత్తవలన అందులోని యొక మూగజీవికి కీడును చేసితిని. ఆ రెండును దాచక చెప్పవలెనని వచ్చితిని.

మా ఊరిలో ఈ వార్త నాకంటె ముందే చేరినది. అమెరికానుండి తిరిగివచ్చిన మరునాడు రచ్చబండకడ నలుగురు పెద్దలు చేరి, "పంతులుగారూ, మీ మనుమడు పాములవాడయినాడట గదా" యని అడిగిరి. నాకు వరుసకు బావగారగు నొకాయన, "బుట్ట నెత్తిన బెట్టుకొని ఊరూర తిరుగునా, నాదస్వరము కూడ ఊదునా బావా?" యని వేళాకోళమాడెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. నవ్వుల నడుమ సమాధానము చెప్పుటకు వీలు గాలేదు. ఇప్పుడు చెప్పెదను.

2022వ సంవత్సరము సెప్టెంబరు నెలలో నేనును నా భార్యయు ఓహాయో రాష్ట్రమున కొలంబస్ నగరమందున్న మా పెద్దకుమారుని యింటికి పోయితిమి. ఆ ప్రాంతమున చాల యిండ్లకు నేలక్రింద నొక గది యుండును. మా మనుమడు ఆ యేటనే విశ్వవిద్యాలయమున చేరి, రెండుగంటల ప్రయాణ దూరమునందు వసతిగృహమున నుండి, శని ఆదివారములకు ఇంటికి వచ్చుచుండెను. మొదటి శనివారమే వాడు నన్ను ఆ నేలమాళిగలోనికి గొనిపోయి, గోడప్రక్కనున్న యొక పాత అలమరలో సొరుగు లాగెను. లోపలినుండి తడిసిన కొబ్బరిపీచు వాసన వచ్చెను. మూలన బోర్లించియున్న డొప్పవంటిదానిని వాడెత్తగా, దానిక్రింద కుండకు పెట్టు చుట్టకుదురువలె చుట్టుకొని, ముదురుగోధుమవన్నెపై బంగారుమచ్చలతో నొక పాము పండుకొని యుండెను. నేను రెండడుగులు వెనుకకు వేసితిని.

"తాతయ్యా, భయపడకండి. మీకంటె దానికే భయమెక్కువ" యని వాడనెను. నిజమే. వాడు చేతిలోనికి తీసికొనగానే అది తలను చుట్టలనడుమ దాచుకొని బంతివలె ముడుచుకొనెను. ఈ గుణమును బట్టియే అమెరికావారు దానిని బాల్ పైథాన్ అందురు. బ్రిటనులో రాయల్ పైథాన్ అని పేరు. శాస్త్రజ్ఞులు పైథాన్ రీజియస్ అని వ్రాయుదురు. మన దేశపు జీవి కాకపోవుటచే తెలుగున దీనికి పేరు లేదు. చిలువ యనగా పాము. కొండచిలువ యను మాట మనకున్నది గదా, దానిననుసరించి నేను దీనికి బంతిచిలువ యని పేరు పెట్టితిని. ఇకమీద అట్లే పిలిచెదను.

సంస్కృతమున కొండచిలువను అజగరమందురు, మేకను మ్రింగునదని యర్థము. ఆ బిరుదు దీనికి చెల్లదు. ఎదిగిన మగపాము మూడు, మూడున్నర అడుగులు, ఆడది నాలుగు మొదలు అయిదడుగులు ఉండును. ఎలుకతో దాని ఆకలి తీరును. విషము లేదు. కాని మన నిఘంటువులలో పామునకున్న మరి రెండు పేర్లు దీనియెడ నెంత నిజమో చూచి ఆశ్చర్యపడితిని. ఒకటి చక్షుఃశ్రవము. పామునకు వెలుపలి చెవి లేదు, నేలయదురును దవడయెముకలగుండ తెలిసికొనును. రెండవది పవనాశనము, గాలి మేయునది. బంతిచిలువ ఆరోగ్యముగ నుండియే చలికాలమున నెలలతరబడి ఆహారము ముట్టదు. క్రొత్తగా పెంచువారు దానిని చూచి హడలిపోవుదురట. పెదవిపై గుంటలవంటి వేడిని గుర్తించు అవయవములు గూడ దానికి గలవు. చీకటిలో ఎలుక యొంటి వెచ్చదనమే దానికి దీపము.

దీని పుట్టినిల్లు పడమటి ఆఫ్రికా. సెనెగల్ మొదలు ఉగాండా వరకు గడ్డిబీళ్లయందును, పొలముల యంచులందును ఉండును. పగలెల్ల చెదలపుట్టలలోను, ఎలుకల కలుగులలోను దాగి, చీకటి పడినపిదప వెలువడును. పుట్ట యనగానే మనకు నాగులచవితి స్ఫురించును. అక్కడను అట్టి భక్తి గలదు. బెనిన్ దేశమున వీదా అను పట్టణమందు ఈ పాములకొక గుడి యున్నది, దాని కెదురుగనే క్రైస్తవుల పెద్ద ప్రార్థనాలయమున్నది. గుడిపాము రాత్రివేళ తిరుగుచు ఎవరి యింటనైన దూరినచో, వారు దానిని చంపక మర్యాదతో గుడికి చేర్చుదురు. ఆ బెనిన్ నుండియే, ప్రక్కనున్న టోగో, ఘానాలనుండియు, లక్షలకొలది బంతిచిలువలు వెలిదేశములకు ఎగుమతి యయినవి. పూజయు వ్యాపారమును ఒకే నేలపై సాగుట మనకు క్రొత్త గాదు.

ఇక అలమర సంగతి. మనుమని పాత అలమర ఎవరో వాడి అమ్మినది. అందలి సొరుగులు పిల్లపాములకు చాలునే గాని, వాని అయిదు పాములును ఎదిగినవి. అందుచేత అక్టోబరు నెలలో నాలుగు శనివారములు మేమిద్దరము కూర్చుండి క్రొత్తది చేసితిమి. నా తండ్రిగారికి వడ్రంగము వినోదము; ఉలి పట్టుట నాకు చిన్ననాటనే అబ్బినది. మనుమనికి ఇది అంతకుముందు తెలియదు. ఆ నాలుగు శనివారములలో వాడు నాతో పలికినన్ని మాటలు అంతకుముందు పదేండ్లలో పలుకలేదు.

బట్టల అలమర సొరుగువలెనే యిదియు వెలికి లాగబడును. అయితే యిక్కడ సొరుగనగా దళసరి ప్లాస్టిక్ తొట్టి. ఎదిగిన ఆడపామునకు మేము కొన్నది పొడవు సుమారు 33 అంగుళములు, వెడల్పు 17, ఎత్తు 6. దానికి మూత లేదు. పైనున్న బల్లయే మూత. ఇందులోనే పనితనమంతయు నున్నది. బల్లకును తొట్టి యంచునకును నడుమ సందు హెచ్చినచో పాము తప్పించుకొనును. లేకున్నచో తొట్టి కదలదు. పాము తల దూరిన సందున ఒడలును దూరునని మన పల్లెలలో నెరుగనివారు లేరు. మేము రూపాయి నాణెము మందము సందుంచి, బల్లలు వంగకుండ వెనుకవైపు నడిమి యూత నిచ్చితిమి. తొట్టి ముందునకు జారకుండ ప్రతి సొరుగునకు నొక గడియ పెట్టితిమి. మనుమడు గడియ అనావశ్యకమనెను. పాములు మన కనుగప్పి ఓపికతో త్రోయునని నేను పట్టుబట్టితిని. వెనుకటి అలమరనుండి రెండుమారులు పాము తప్పించుకొన్న సంగతి వాడపుడు ఒప్పుకొనెను. ఒకటి మా కోడలి బట్టలు ఉతుకు యంత్రము వెనుక దొరకినదట. ఆమె నేటికిని ఆ యంత్రము కడకు పోవునపుడు ముందు చప్పట్లు కొట్టును.

పాము తన యొంటి వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చదనము కావలెనన్న వెచ్చని చోటికి పోవలెను, చల్లదనము కావలెనన్న చల్లని చోటికి జరుగవలెను. కాబట్టి ఒకే సొరుగులో ఎండయు నీడయు రెండును ఉండవలెను. ప్రతి బల్లపై వెనుకభాగమున గాడి తీసి, అందులో 11 అంగుళముల వెడల్పుగల పలుచని విద్యుత్ వేడిపట్టీ పరచితిమి. సొరుగు అడుగున మూడవవంతు మాత్రము దానిపై నిలుచును. ఆ కొన 31, 32 సెంటిగ్రేడు డిగ్రీలు, ముందుకొన 25 మొదలు 27 వరకు ఉండవలెను. గాడి తీయనిచో సొరుగు లాగినప్పుడెల్ల పట్టీ రాసికొని తెగును, నిప్పంటుకొను భయమును గలదు.

ఆ వేడిని హద్దులో నుంచునది థర్మోస్టాట్ అను చిన్న పెట్టె. దానినుండి సన్నని తీగ పోవును. తీగకొనను చిక్కుడుగింజంత మొన యుండును. మొన తగిలినచోట వేడి తక్కువైనచో పెట్టె విద్యుత్తును హెచ్చించును, ఎక్కువైనచో తగ్గించును. ఆ పెట్టెకు కన్ను గాని చెవి గాని లేదు, ఆ మొన యొక్కటే దాని జ్ఞానేంద్రియము. మా అలమరలో అయిదు బల్లల పట్టీలకును కలిపి ఒకే మొన, నడిమి బల్లపై అతికింపబడి యుండెను. ఈ మాట గుర్తుంచుకొనుడు.

తేమ సంగతి వేడికంటె చిక్కైనది. గాలిలో తేమ నూటికి 55 మొదలు 65 పాళ్లుండుట మేలు, కుబుసము విడుచునపుడు మరికొంత కావలెను. తగ్గినచో కుబుసము ముక్కలు ముక్కలుగ ఊడి, కంటిపై పొర నిలిచిపోవును. మితిమీరి, గాలియాడక, చల్లగానున్నచో పొట్టపొలుసులు కుళ్లును, ఊపిరితిత్తులు చెడును. తొట్టి ప్రక్కలందు కాల్చిన యినుపకమ్మితో రంధ్రములు పెట్టితిమి. మొదట నలువదింటికిపైగా పెట్టగా మూడునాళ్లలో లోపలి కొబ్బరిపొట్టు పేలాలవలె ఎండిపోయెను. సగము రంధ్రములు జిగురుపట్టీతో మూసితిమి. ఆ కొబ్బరిపొట్టు ఇటుకవలె అచ్చుపోసి అమ్ముదురు, నీటిలో వేసిన పొంగును. సముద్రములు దాటిపోయి పాముపాన్పు కొరకు డబ్బిచ్చి కొబ్బరిపొట్టు కొనుట చూచి, మా కోనసీమ వియ్యంకులు విన్న నేమందురో యనుకొంటిని. దేవదారు జాతి రంపపుపొట్టు మాత్రము వాడరాదు, దాని ఘాటు పాములకు విషము.

వెచ్చని కొననొకటి, చల్లని కొననొకటి దాగుటకు రెండు గూళ్లు, ఒరగని బరువైన నీటిగిన్నె. ఇంతే సామగ్రి. అన్నియు అమర్చిన పిదప వారముదినములు పామును విడువక వట్టి అలమరనే నడిపి, ఉదయము సాయంకాలము వేడి చూచి వ్రాసికొంటిమి. ఈ నియమము మనుమనిదే. వాని ఓర్పు నాకు ముచ్చట గొలిపినది.

ఆహారమును గూర్చి క్లుప్తముగా ముగించెదను. మంచుగడ్డకట్టించిన ఎలుకలు అంగడిలో దొరకును. వానిని కరగించి వెచ్చజేసి పటకారుతో అందింతురు. ఎదిగిన పామునకు రెండువారముల కొకటి చాలును. మా కోడలు వానికొరకు వేరొక చిన్న శీతలపేటిక కొనిపించినది, వంటయింటి శీతలపేటికను ముట్టనీయలేదు. ఆ పని నేను చేయజాలనని ముందే చెప్పితిని. నీరు మార్చుట, వేడి చూచుట, సొరుగులు తుడుచుట నా వంతు. మనుమడు లేని దినములలో అయిదు ప్రాణములకు నేనే కాపరిని.

2023 జనవరిలో ఒక గురువారమునాడు నేను నడిమి సొరుగును పూర్తిగా వెలికితీసి తుడిచితిని. తిరిగి దోయునపుడు ఏదో అడ్డుతగిలినట్లయి, కొంచెము గట్టిగా నెట్టితిని. మొన పెరికివేయబడి బల్లవెనుక వ్రేలాడుచున్న సంగతి నాకు తెలియదు. బయట మంచు పడుచుండెను, నేలమాళిగ చల్లగానుండెను. మొనకు ఆ చల్లగాలియే తగులుచుండెను. పెట్టె పాపము తన ధర్మము తాను చేసెను. అయిదు పట్టీలకును పూర్తి విద్యుత్తు పంపెను. పెట్టెపై ఫారన్‌హీటు లెక్కన 90 కనబడవలసినచోట ఆ సాయంకాలము 71 కనబడెను. నేను దానిని చూచితిని. చూచి, చలి హెచ్చినది గదా, యంత్రము దానంతట అది సర్దుకొనునని తలచి, మేడమీదికి పోయి పండుకొంటిని. ముప్పదిరెండేండ్లు పిల్లల తప్పులకు ఎఱ్ఱసిరాతో గీతలు గీసినవాడను. ఆ రాత్రి నాకండ్లముందున్న తప్పును నేను చదువలేకపోయితిని.

తెల్లవారి సొరుగులు లాగగా నాలుగింటియందు పాములు ముందుగోడకు అదుముకొని, తలలు సందుకు చేర్చి యుండెను. అయిదవదానిలో పాము కనబడలేదు. అది పెద్ద ఆడపాము, దాని మచ్చలను చూచి నా భార్య "బంగారి" యని పేరు పెట్టినది. కొన్నినాళ్ల క్రిందట అది ఆహారము తినియుండెను. తిన్న పాము అరుగుదలకై వెచ్చనిచోట చేరుట సహజము. వెనుకగూడెత్తి చూచితిని. పొట్టక్రింద జానెడు మేర పొలుసులు కమిలి, బొబ్బలెక్కి యుండెను. కాలుచున్నను అది ఏల కదలలేదని మీరడుగవచ్చును. పాములకు ఎండ పైనుండి వచ్చును. క్రిందినుండి మెల్లగా హెచ్చు వేడిని గుర్తించి తప్పుకొనుటలో వానికి చాల ఆలస్యమగునని తరువాత వైద్యురాలు చెప్పినది. పైగా తొలగిపోవుటకు ముప్పదిమూడంగుళములకంటె చోటెక్కడ?

సరీసృపములకు వైద్యము చేయు నొకామె ఆ నగరమున నుండెను. మా కుమారుడు ఉద్యోగమునకు సెలవు పెట్టి కారులో తీసికొనిపోయెను. దారిపొడవున ఆ పెట్టె నా ఒడిలో నుండెను. ఆమె పుండు కడిగి, వెండి కలిసిన లేపనము పూసి, నొప్పికి సూదిమందు ఇచ్చెను. కొబ్బరిపొట్టు పుండునకంటుకొనును గావున మానువరకు తెల్లకాగితమే పరువవలెననెను. మానుటకు రెండు మూడు కుబుసములు పట్టునని కూడ చెప్పెను. ఆమె నన్ను నిందింపలేదు. "పెట్టెపై అంకె ఎంత చూపినది?" అని మాత్రమడిగెను. నేను చెప్పితిని. ఆమె వ్రాసికొనెను.

ఆ సాయంకాలము ఫోనులో మనుమనికి చెప్పుట నాకు పాఠశాల తనిఖీకంటె కష్టమైనది. వాడు కొంతసేపు మాటాడలేదు. పిదప, "తప్పు నాది తాతయ్యా. అయిదు ప్రాణాలను ఒక్క మొనకు వేలాడదీశాను" అనెను. వాడు నన్నోదార్చుట కట్లనెనో, నిజముగనే అట్లు తలచెనో తెలియదు. రెండును కావచ్చును. వాడు వచ్చినపుడు మొనను మరతో బిగించి, పై హద్దు దాటిన వెంటనే విద్యుత్తును ఖండించు రెండవ థర్మోస్టాట్ అమర్చెను. విద్యుత్తు పోయినచో ఏమగునని మనవారడుగుదురు. మనకది నిత్యానుభవము గదా. కొన్నిగంటల చల్లదనమును బంతిచిలువ ఓర్చుకొనును. అదుపులేని వేడి ఒక్క రాత్రిలో చంపగలదు. వేడిపట్టీ కొనువాడు థర్మోస్టాటును ముందు కొనవలెను. రెండింటికి డబ్బు చాలనిచో పామును కొనరాదు.

ఆ మూడునెలలు బంగారి పుండు కడుగుచు నేను కొంత ఆలోచించితిని. సొరుగులలో పెంచువారి వాదము తేలికగా త్రోసివేయదగినది గాదు. బంతిచిలువ పుట్టలో నుండునది. ఇరుకును, చీకటిని, తేమను కోరును. ఏమియు లేని పెద్ద గాజుపెట్టెలో వేసినచో బెదరి, తిండి మానును. సొరుగులో తినును, పెరుగును, గ్రుడ్లు పెట్టును, కుబుసము ఒక్కతొడుగుగా విడుచును. ఇంతకంటె ఋజువేమని వారందురు.

నాకు తోచినదేమనగా, సొరుగు పుట్టకు సరియైన ప్రతిరూపమే, కాని పుట్టకు ద్వారమున్నది. ఆఫ్రికాలో ఈ పాము పగలెల్ల పుట్టలో నుండును, రాత్రి వెలికివచ్చును. నైజీరియాలో జరిగి 1998లో ప్రచురింపబడిన యొక పరిశోధనలో, మగపాములు చెట్లెక్కి పక్షులను గూడ పట్టుచున్నట్లు తేలినది. సొరుగు దానికి పగటినిచ్చి రాత్రిని తీసివేయుచున్నది. ఆరంగుళముల ఎత్తులో కొమ్మ పెట్టుటకు లేదు. నాలుగున్నర అడుగుల పాము 33 అంగుళములలో ఎన్నడును తిన్నగా సాగలేదు. అది కదలకున్నది గావున సుఖముగానున్నదని మనుమడనగా, నాకు నా తొలినాటి తరగతి జ్ఞాపకము వచ్చినది. కదలక మెదలక కూర్చున్న పిల్లవానినే మంచివాడని చాలకాలము మెచ్చుకొంటిని. వారిలో ఒకనికి చెవుడని ఏడాది చివర తెలిసినది.

ఈ మాట వాడు వెంటనే ఒప్పుకొనలేదు. తాను వాడు పుస్తకములను, పేరుపొందిన పెంపకందారుల అనుభవమును ఎత్తిచూపెను. కాని ఆ పెంపకందారులలో చాలమంది వర్తకులు. వందలకొలది పాములను ఒకే గదిలో, ఒకరిద్దరు మనుష్యులు పోషింపవలెనన్న సొరుగుల అలమర తప్ప దారి లేదు. 1992లో అమెరికాలో తెల్లజన్యువు గల బంతిచిలువలు మొదటిసారి పెంపకమున పుట్టినప్పటినుండి వింతరంగుల వెఱ్ఱి ముదిరినది. స్పైడర్ అను నొకరకపు పాములకు అందమైన సాలెగూటి గీతలుండును. వానికి పుట్టుకతోనే తల అదుపుదప్పి ఊగుచుండును. అది తెలిసియు కొనువారున్నారు. సొరుగు కొలత పాము పొడవును బట్టి వచ్చినదో, అంగడి అద్దెను బట్టి వచ్చినదో ఆలోచింపుమని మాత్రము నేనంటిని.

మరియొక లెక్కయు వానికి చెప్పితిని. సెయింట్ లూయిస్ నగరపు జంతుశాలలో 1961లో చేరిన యొక బంతిచిలువ, అరువదేండ్లు పైబడిన వయస్సున, ఎన్నో ఏండ్లుగా మగతోడు లేకయే, 2020 జూలైలో గ్రుడ్లు పెట్టినది. ఇంచుమించు నా యీడుది. పందొమ్మిదేండ్ల పిల్లవాడు ముచ్చటపడి తెచ్చిన పాము, వాడు తాతయగువరకు బ్రతుకవచ్చును. అన్ని సంవత్సరములు ముప్పదిమూడంగుళములలోనా?

ఫిబ్రవరిలో మేము మరల రంపము పట్టితిమి. ఈమారు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె. ముందు జరుపు గాజుతలుపులు, మూడువైపుల చెక్క. దిగువ మూలలందు పుట్టవంటి ఇరుకుగూళ్లు, దట్టముగా ఎండుటాకులు, నడుమ అడ్డముగా నొక కొమ్మ. వేడి యీసారి క్రిందినుండి గాక పైనుండి. అయిదు పెట్టెలకు చోటు లేదు. వాడు రెండు పాములను తెలిసిన స్నేహితునికిచ్చెను. ఇచ్చుటకు మనస్సొప్పక ఒక నెల జాగుచేసిన సంగతి నేనెరుగుదును. సొరుగుల అలమర నేటికిని ఆ గదిలోనున్నది. క్రొత్త పామును రెండుమూడు నెలలు వేరుగానుంచి పేలు, తెవులు లేవని చూచుకొనుటకును, జబ్బుపడినదానికి ఆసుపత్రిగాను వాడుచున్నాడు. అందుకది మిక్కిలి తగినది.

ఇప్పుడు మన దేశపు మాట యొకటి చెప్పవలెను. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలో కొందరు యువకులీ పామును రహస్యముగా తెప్పించుకొనుచున్నారు. 2023 జనవరిలో చెన్నై విమానాశ్రయమున బాంకాకునుండి వచ్చి దిక్కులేక పడియున్న సంచులలో 45 బంతిచిలువలు పట్టుబడినవి. సంచిలో! మన కొండచిలువను పట్టుటయు, పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. బంతిచిలువ వంటి పరదేశపు జీవులనుంచుకొన్నవారు 2022 సవరణ ననుసరించియు, 2024 నియమముల ననుసరించియు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. పట్నమునుండి మీ యింటి కుఱ్ఱవాడెవడైన ప్లాస్టిక్ డబ్బాలో పామును తెచ్చినచో, కేకలువేసి కఱ్ఱ తీయకుడు. అది విషములేనిది. నమోదు కాగితము చూపుమని యడుగుడు. పిమ్మట, వేడికి ఏమి చేసినావని, అది నిటారుగా సాగుటకు చోటున్నదా యని అడుగుడు.

మార్చినెలలో మేము తిరిగివచ్చితిమి. బంగారి మూడవ కుబుసము వేసవిలో విడిచినది. మనుమడు దానిని మడిచి కవరులో పంపగా, నా నిఘంటువు పుటలనడుమ పెట్టుకొంటిని. పొట్టవైపు జానెడు మేర పొలుసుల వరుస తప్పి, ముడుతలుగా నుండును. ఆ భాగము ఇక సరికాదట.

అక్కడ రాత్రి పదిగంటలైనపుడు మనకిక్కడ తెల్లవారి ఏడున్నర, చలికాలములో ఎనిమిదిన్నర. కొన్ని ఆదివారములు నేను కాఫీ త్రాగుచుండగా మనుమడు ఫోనులో ఆ పెట్టెను చూపును. దీపమార్పిన గదిలో ఎఱ్ఱవెలుగు మాత్రముండును. మొన్నటి ఆదివారము అది గూటినుండి వెలువడి, కొమ్మనెక్కి, ఆవలివైపు దిగి, గాజు వెంబడి మెల్లగా సాగినది. తల ఒక మూలకు చేరునప్పటికి తోక రెండవ మూలను విడిచి రాలేదు. నడుమ ఎక్కడను వంపు లేదు.